మోకాలికి రాసిపెట్టి ఉంటుందా?

బెజవాడలో పటమట దగ్గరో, సింగ్ నగర్‌లోనో, భవానీపురంలోనో ఫుట్‌బాల్ ఆడుతూ ఒక కుర్రాడి మోకాలు తిరిగిపోయిందంటే, పొద్దుగూకేలోపు మూడు తీర్పులు వచ్చేస్తాయి. ఇంట్లో అమ్మమ్మ దిష్టి అంటుంది. పక్కింటాయన టైం బాగోలేదంటాడు. స్నేహితులేమో “ఏం చేస్తాం మావా, రాసిపెట్టి ఉంది” అని భుజం మీద చెయ్యేస్తారు. మూడు మాటల్లోనూ ప్రేమ ఉంది, మూడింటి అర్థమూ ఒకటే: ఇది జరగాల్సి ఉంది, జరిగింది. పుత్తూరు నాటు కట్టు కట్టించాలా, స్కానింగ్ తీయించాలా అన్న చర్చ ఆ తర్వాత మొదలవుతుంది. ఆట మొదలు కావడానికి ముందు ఇరవై నిమిషాల్లో ఆ కుర్రాడు ఏం చేశాడు, ఏం చేయలేదు అని మాత్రం ఎవరూ అడగరు. నా ధ్యాసంతా ఆ ఇరవై నిమిషాల మీదే ఉంది.

కృష్ణా డెల్టాలో ఫుట్‌బాల్ పెద్ద ఆట కాదు. ఊళ్ళల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడతారు, క్రికెట్ సంగతి చెప్పనక్కర్లేదు. అయినా బెజవాడ మైదానాల్లో తెల్లవారుజామున, ఈ మధ్య వెలిసిన అద్దె టర్ఫుల్లో రాత్రి పొద్దుపోయేదాకా బంతి తన్నేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఆట మీద బతికేవాడు ఉండడు. ఆటోనగర్‌లో పొద్దుట్నుంచీ లారీ కింద నడుం వంచిన మెకానిక్ వస్తాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో కుర్చీలోంచి లేవని అకౌంటెంట్ వస్తాడు. సరిగా నిద్రపోని ఇంజినీరింగ్ కుర్రాడు వస్తాడు. ఒకే రంగు జెర్సీ తొడుక్కున్నా, ఎవరి ఒళ్ళు వాళ్ళ రోజునంతా మోసుకొస్తుంది. ఒకరికి గజ్జల దగ్గర పట్టేసి ఉంటుంది, ఒకరికి తుంటి బిగిసి ఉంటుంది, మూడోవాడికి చూపు పడిన చోట అడుగు పడదు. ఆటే వృత్తి అయినవాడికి తిండి, నిద్ర, ఫిజియో అన్నీ ఆట కోసం అమర్చి ఉంటాయి. వీళ్ళకు ఆ అమరిక అంతా మైదానం అంచున జరిగే వార్మప్‌లోనే జరగాలి. అమెచ్యూర్‌కే దాని అవసరం ఎక్కువ, దాన్ని ఎగ్గొట్టేదీ ఎక్కువగా అతనే.

తలరాత మాటను నిలదీయడానికి ఈ ఊరికి ఒక వారసత్వం ఉంది. గోరాగా అందరూ ఎరిగిన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని మొదలుపెట్టి, 1947లో పటమటకు తరలించారు. దేవుడు ఉన్నాడా లేడా అన్న దగ్గరే ఆయన వాదం ఆగిపోలేదు. కర్మ మీదా విధి మీదా భారం వేసిన మనిషి తన చేతిలో ఉన్న పనిని కూడా వదిలేస్తాడన్నది ఆయన అసలు ఆవేదన. అంటరానితనం పూర్వజన్మ ఫలమని నమ్మినన్నాళ్ళూ దాన్ని కూల్చడానికి చెయ్యి లేవదు. అంత పెద్ద అన్యాయం పక్కన మోకాలి బెణుకును పెట్టి చూడటం సబబేనా అని అడిగేవాళ్ళు ఉంటారు. పెద్ద విషయాల్లో విధిని కాదన్నవాళ్ళం, చిన్న విషయాల్లో దాన్ని ఇంట్లోకి రానిస్తున్నాం కదా అన్నదే నా సందేహం. నాస్తిక కేంద్రం వాళ్ళు జనం ముందు నిప్పుల మీద నడిచి చూపించేవారు. అందులో మహిమేమీ లేదని, బొగ్గు వేడిని నిదానంగా వదులుతుందని, పాదం నిప్పును తాకేది ఒక్క క్షణమేనని విడమరిచి చెప్పేవారు. ఎంత వేడి ఉందన్నది ఒక లెక్క, ఒంట్లోకి ఎంత చేరిందన్నది ఇంకో లెక్క. బెజవాడ ఆటగాడికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఎందుకంటే మే నెలలో ఇక్కడ ఏ గ్రౌండుకి వెళ్ళినా వినపడే మాట ఇది: “వార్మప్ ఏంటి మావా, బండి మీద వచ్చేసరికే ఒళ్ళు కాలిపోతోంది.” 45 డిగ్రీల ఎండలు చూసినవాళ్ళ మాట అది, తీసిపారేయడానికి లేదు. కానీ ఎండ ముందు కాల్చేది చర్మాన్ని. తొడ లోపలి కండరం మామూలుగా కదలిక లేనప్పుడు ఒంటి లోపలి వేడి కన్నా కాస్త చల్లగానే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు పరిగెత్తితే ఆ వేడిని దాటిపోతుంది. ఆ వేడి కండరం పని చేస్తూ తనలోనే పుట్టించుకున్నది. అలా వేడెక్కిన కండరం చురుగ్గా ముడుచుకుంటుంది, నరాల్లో సంకేతం వేగంగా పరుగెడుతుంది, రక్తం తన ఆక్సిజన్‌ను కండరానికి తేలిగ్గా వదులుతుంది. స్వీడన్‌కు చెందిన బెర్గ్, ఎక్‌బ్లోమ్ అనే పరిశోధకులు 1979లోనే దీన్ని కొలిచారు. కండరం వేడిలో ఒక్క డిగ్రీ తేడాకు ఎగిరే ఎత్తులో, స్ప్రింట్ సామర్థ్యంలో నూటికి 4 నుంచి 6 వంతుల తేడా వచ్చింది. హాఫ్‌టైంలో కూర్చుండిపోతే ఆ వేడి దిగిపోతుంది. 2004లో డెన్మార్క్ పరిశోధకులు చూసినప్పుడు, విరామంలో ఊరికే కూర్చున్న ఆటగాళ్ళ కండరాలు దాదాపు రెండు డిగ్రీలు చల్లబడ్డాయి, రెండో సగం మొదట్లో వాళ్ళ పరుగు మందగించింది. అదే విరామంలో కాసేపు మెల్లగా పరిగెత్తినవాళ్ళ వేగం తగ్గలేదు.

అయితే చలిదేశంలో తయారైన పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ అమలు చేస్తే మనిషికి హాని. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. సాయంత్రం అయిదు గంటల ఉక్కపోతలో అరగంట గట్టిగా వార్మప్ చేసినవాడు ఆట మొదలయ్యేలోపే అలసిపోతాడు, వడదెబ్బకు దగ్గరవుతాడు. ఎండాకాలం పరుగు భాగాన్ని కుదించాలి, నీడలో చేయాలి, మధ్యమధ్య నీళ్ళు తాగాలి. ప్రకాశం బ్యారేజీ నుంచి ఎండిన కాలువకు నీళ్ళు ఒక్కసారిగా వదలరు, గట్టు తట్టుకునేలా మెల్లమెల్లగా పెంచుతారు. ఒంటికీ ఆ పాటి మర్యాద చెల్లించాలి.

ఇంకా లోతుకు వెళితే తేలేదేమిటంటే, గాయాన్ని ఆపే పనిలో వేడి వాటా మనం అనుకునేంత పెద్దది కాకపోవచ్చు. ఎండ మోకాలికి దిగడం నేర్పదు. ఎగిరి హెడ్ చేసినవాడు నేల మీదకు దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరగకుండా నిలవాలి. పరుగులో ఉన్నట్టుండి మళ్ళేటప్పుడు చీలమండ మడతపడకూడదు. ఒంటికాలి మీద నిలబడి బంతి తన్నేటప్పుడు నడుం తూలకూడదు. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి, వారాల తరబడి చేస్తేనే ఒంటబట్టేవి. ఫిఫా వైద్య పరిశోధకులు మరికొందరితో కలిసి 2006లో రూపొందించిన “11 ప్లస్” అనే కార్యక్రమంలో సారమంతా ఇదే. ఎనిమిది నిమిషాలు పరుగు, పది నిమిషాలు బలం, నిలకడ, దూకడం, రెండు నిమిషాలు మళ్ళీ వేగంగా పరుగు. మొత్తం 15 వ్యాయామాలు, వాటికి బంతి తప్ప ఇంకో సామగ్రి అక్కర్లేదు.

మన బళ్ళో డ్రిల్ మాస్టారు నేర్పింది మరొకటి. వరసలో నిలబెట్టి, వంగి కాలివేళ్ళు పట్టుకుని కదలకుండా ఉండమనేవారు. ఒకే కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి పట్టి ఉంచితే ఆ వెంటనే దాని బలం కాస్త తగ్గుతుందని తర్వాత ఎన్నో పరీక్షల్లో తేలింది. అందుకే ఇప్పుడు కదులుతూ సాగదీయడానికే మొగ్గు. మాస్టారు నేర్పినది అప్పటికి తెలిసినంతలో మంచిదే. తెలిసింది మారినప్పుడు పద్ధతి మార్చుకోవడమే ఆయన పట్ల మనం చూపే గౌరవం అనుకుంటాను. మన తెలుగు నేల మీద ఈ తోవ తొక్కిన పెద్ద మనిషి ఒకరున్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టునూ దేశపు జట్టునూ తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా జీవితం మొదలుపెట్టారు. ఆటగాళ్ళ చేత బలహీనమైన కాలితోనే ఆడించే పోటీలు పెట్టేవారు. కుడికాలివాడు పుట్టుకతోనే కుడికాలివాడు, ఇక మారడు అన్న మాటను ఆయన ఒప్పుకోలేదన్న మాట. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన ఆయన విజయాల వెనక, శరీరం నేర్చుకోగలదన్న ఈ నమ్మకం ఉంది.

ఇంతవరకూ చెప్పింది నమ్మకం వైపు కథ. అసలు చిక్కు నార్వేలో జరిగిన ఒక ప్రయోగం దగ్గర మొదలవుతుంది. 13 నుంచి 17 ఏళ్ళ మధ్య వయసున్న 1,892 మంది ఆడపిల్లలను క్లబ్బుల వారీగా రెండు భాగాలు చేసి, ఒక భాగం చేత ఎనిమిది నెలల సీజనంతా 11 ప్లస్ చేయించారు, రెండో భాగాన్ని వాళ్ళ అలవాటు ప్రకారం వదిలేశారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. 11 ప్లస్ చేసిన 1,055 మందిలో 121 మందికి కాళ్ళకు దెబ్బలు తగిలాయి. చేయని 837 మందిలో 143 మందికి తగిలాయి. తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. నిజాయితీగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పరిశోధకులు ముందుగా ప్రధానమని ప్రకటించుకున్న కొలత, అంటే కాళ్ళ గాయాల మొత్తం, తగ్గినట్టు కనిపించినా, ఆ తగ్గుదల యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగే హద్దును దాటలేదు. వాళ్ళు ఆ సంగతిని దాచకుండా రాశారు. రాసిపెట్టి ఉందనే మాటలోని నిశ్చయానికీ ఈ మాటలోని వెనకాడింపుకీ మధ్య ఎంత దూరమో చూడండి. నాకు ఈ వెనకాడింపు మీదే గౌరవం.

నన్ను వదలనిది ఆ 121 మంది పిల్లల సంగతి. వాళ్ళు చేయాల్సింది చేశారు. చలిలో ఒంటికాలి మీద నిలబడ్డారు, దూకారు, నేల మీద బోర్లా పడుకుని నడుం లేపి పట్టారు. అయినా దెబ్బ తగిలింది. వాళ్ళకు ఏం చెప్పాలి? ఇక్కడ నాకు నా వాదం మీదే భయం వేస్తుంది. గాయం తలరాత కాదని ఒప్పుకున్న మరుక్షణం నాలుక మీదికి ఇంకో మాట వస్తుంది: “వార్మప్ చేసుంటే అయ్యేది కాదుగా!” పోయిన జన్మలో చేసిన తప్పుకు ఈ జన్మలో శిక్ష అన్న సిద్ధాంతాన్ని వెళ్ళగొట్టి, పొద్దున చేయని వ్యాయామానికి సాయంత్రం శిక్ష అన్న సిద్ధాంతాన్ని ఆ పీట మీదే కూర్చోబెట్టినట్టయింది. రెండింటి పనీ ఒకటే, బాధపడుతున్నవాడినే బాధకు కారకుణ్ణి చేయడం. మొదటిదానిలో కనీసం జాలికి చోటుంది. అమ్మమ్మ దిష్టి తీసేటప్పుడు మనవణ్ణి తిట్టదు. రెండోది మంచం మీద ఉన్నవాడిని నిలబెట్టి సంజాయిషీ అడుగుతుంది. విధిని కాదన్న మానవవాదం మనిషిని దోషిగా నిలబెట్టడం దగ్గర ఆగిపోతే, అది సగం దారిలో ఆగినట్టే.

కారణం తెలుసుకోవడం వేరు, నేరం మోపడం వేరు అని చెప్పడం తేలిక. అయితే ఆ రెండింటినీ ఎలా విడదీయాలి? నార్వే లెక్కనే ఇంకోసారి చూస్తే నాకొక దారి కనిపిస్తోంది. 11 ప్లస్ చేయని పిల్లల్లో దెబ్బలు తగిలిన వంతునే మొదటి గుంపుకూ వేసి చూస్తే, సుమారు 180 మందికి గాయాలు కావాలి. అయినవి 121. తేడా అంతా 11 ప్లస్ వల్లే అనుకుంటే, 60 మంది దాకా పిల్లలు ఆ సీజన్‌లో కుంటకుండా ఇంటికి వెళ్ళారు. ఆ 60 మంది ఎవరు? ఎవరికీ తెలియదు. వాళ్ళకూ తెలియదు. జరగని గాయానికి సాక్షి ఉండడు, దానికి స్కానింగ్ తీయరు, ఎవరూ పరామర్శకు రారు. అంటే మైదానం అంచున దూకుతున్న వేయిమందిలో ప్రతి ఒక్కరూ తమ పేరు ఉందో లేదో తెలియని జాబితా కోసం చెమటోడ్చారు. ఆ ఫలం నాదో, నా పక్కవాడిదో చెప్పలేం. వార్మప్‌ను నా క్రమశిక్షణ, నీ నిర్లక్ష్యం అనే భాషలో మాట్లాడటం అందుకే పొరపాటనిపిస్తుంది. అది జట్టు ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తులో నష్టం ఒకరి మీద పడితే, మోయాల్సింది అందరూ.

ఈ ఉమ్మడితనం కళ్ళకు కట్టే వ్యాయామం ఒకటుంది. తొడ వెనక కండరం చిరగకుండా చేసేది, నార్డిక్ అంటారు. తువ్వాలు మడిచి నేల మీద వేసి ఒకడు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఇంకొకడు వెనక చేరి అతని రెండు చీలమండలనూ నేలకు అదిమి పట్టుకుంటాడు. మొదటివాడు మోకాళ్ళ నుంచి తల దాకా బద్దలా నిటారుగా ఉంచి, మెల్లగా, వీలైనంత మెల్లగా ముందుకు వాలతాడు. తొడ వెనక తాడు లాగినట్టు బిగుస్తుంది, వణుకు పుడుతుంది, ఒక చోట ఇక ఆగక చేతులు నేలకు ఆనించి పడతాడు. మొదటి వారాల్లో మర్నాడు మెట్లు దిగడం కష్టమవుతుంది. డెన్మార్క్‌లో పెద్ద స్థాయి జట్లవాళ్ళూ అమెచ్యూర్లూ కలిసిన 942 మందిని రెండుగా చేసి చూస్తే, ఇది చేసినవాళ్ళలో 15, చేయనివాళ్ళలో 52 తొడ కండరం గాయాలు వచ్చాయి. 2011లో అచ్చయిన ఆ ఫలితం చాలా గట్టిది. నా మనసు మాత్రం వెనక కూర్చుని కాళ్ళు పట్టుకున్నవాడి మీద నిలుస్తుంది. మన దగ్గర ఒకరి కాళ్ళు ఇంకొకరు పట్టడానికి ఎప్పుడూ ఒక మెట్టు తేడా కావాలి. చిన్నవాడు పెద్దవాడి కాళ్ళు, పాలేరు ఆసామి కాళ్ళు, పెళ్ళిలో మామగారు అల్లుడి కాళ్ళు. ఈ మైదానంలో అకౌంటెంట్ మోకాళ్ళ మీద కూర్చుని మెకానిక్ చీలమండలు పట్టుకుంటాడు, గ్రీజు మరకలతో సహా. ఆ తర్వాత మెకానిక్ అకౌంటెంట్‌వి పట్టుకుంటాడు. ఎవరి కులమేమిటో ఆ క్షణంలో పట్టు బిగువుకు అడ్డు రాదు. పట్టు సడలితే ముందున్నవాడు మొహం మీద పడతాడు కాబట్టి ఇద్దరూ మనసు పెట్టే పట్టుకుంటారు. రెండు నిమిషాల సమానత్వంతో సమాజం మారిపోతుందని నేను అనను. ఆ రెండు నిమిషాలు అబద్ధమని కూడా అనను.

మరి ఇంత మేలున్న పనిని ఎందుకు చేయం? సోమరితనం అని తేల్చేస్తే మళ్ళీ నేరం మోపడమే. రాత్రి ఎనిమిది గంటల టర్ఫును చూడండి. గంటకు అద్దె. పది పన్నెండు మంది పంచుకుని కట్టారు. ముందు ఆడుతున్న జట్టు ఎనిమిదింటికి గేటు దాటితే, తొమ్మిదింటికి ఆడాల్సినవాళ్ళు బయట కాచుకుని ఉంటారు. కొన్న గంటలోంచి ఇరవై నిమిషాలు దూకుడికీ వాలుడికీ ఇవ్వమంటే, జేబులోంచి మూడో వంతు తీసి ఇవ్వమన్నట్టే. బయట రోడ్డు పక్కన, బైకుల మధ్య చేసుకుందామంటే జానెడు జాగా ఉండదు. నలుగురూ ఆడుకునే మైదానాలు తరిగిపోయి అద్దె జాగాలు పెరిగిన ఊళ్ళో తయారీకి సమయం కూడా కొనుక్కోవాల్సిన వస్తువైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్ళే రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, ఆట స్థలాల గురించి అడిగే స్థితి ఎవరిది?

ఆడపిల్లల సంగతి ఇంకా కఠినం. మోకాలి ముందు లిగమెంట్ తెగే ముప్పు ఫుట్‌బాల్‌లో మగపిల్లల కన్నా వాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. వార్మప్ వల్ల ఎక్కువ మేలు జరిగేదీ వాళ్ళకే. చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలన్న ఆజ్ఞ వాళ్ళ ఆట సమయాన్ని ముందే సగం కోసేస్తుంది. మిగిలిన సగంలో వార్మప్ చేయాలా ఆడాలా అని తేల్చుకోమనడం న్యాయమా? ఒక అమ్మాయి మోకాలి లిగమెంట్ తెగితే “అందుకే ఆడపిల్లకి ఆటలొద్దన్నాం” అన్న నాలుగో తీర్పు కూడా ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ తీర్పు ఆమె ఆటను శాశ్వతంగా ముగించగలదు.

గాయమయ్యాక మనవాళ్ళ మంచితనం మాత్రం చూసి తీరాలి. లిగమెంట్ ఆపరేషన్ అని తెలియగానే గ్రూపులో క్యూఆర్ కోడ్ పెడతారు, ఎదుటి జట్టువాళ్ళూ డబ్బులు వేస్తారు, రాత్రిళ్ళు ఆసుపత్రి బల్లల మీద కూర్చుంటారు, నెలల తరబడి ఫిజియో దగ్గరికి బండి మీద దింపి వస్తారు. విధి అని నోటితో అన్నవాళ్ళే చేతులతో విధికి ఎదురు నిలుస్తారు. ఆ చేతులనే కాస్త ముందుకు జరపమని అడుగుతున్నాను. టర్ఫు యజమానులు గంటకు ముందు పావుగంట చిన్న జాగా వదిలితే చాలు. మున్సిపల్ మైదానాల్లో నీడ ఉన్న ఒక మూల, తాగునీళ్ళు ఉంటే చాలు. బళ్ళలో పీఈటీలకు ఈ 15 వ్యాయామాలు నేర్పితే అసలు ఖర్చే లేదు. ఇవేవీ రాకముందు కూడా జట్టు తనకు తాను చేసుకోగలిగింది ఒకటుంది. గంట అద్దెను పది మందీ పంచుకుంటున్నట్టే ఇంకో పావుగంట అద్దెనూ పంచుకోవచ్చు. అలా పంచుకోకుండా మనల్ని ఆపుతున్నది డబ్బేనా, లేక ఆ పావుగంట కాపాడేది నా మోకాలినో పక్కవాడి మోకాలినో ఎప్పటికీ తెలియకపోవడమా?